ఎం.ఎల్. 417 బదులు ఒక కాలీఫ్లవర్

మామిడిలంక వరి పరిశోధనా కేంద్రంలో అన్నం వండటాన్ని నిషేధిస్తూ సర్క్యులర్ వెలువడిన ఉదయం డాక్టర్ పసుమర్తి జగన్నాథం రెండో పంట దాళ్వా నారుమడిలో ఉన్నాడు. బురదలోంచి గట్టెక్కి, పంపు కింద కాళ్లు కడుక్కుని వచ్చి, ఆఫీసు వరండా గోడకు అంటించిన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి అచ్చుతప్పేమో అనుకున్నాడు. రెండోసారి ఆ అనుమానం తీరిపోయింది. అచ్చుతప్పులకు అంత వ్యాకరణశుద్ధి ఉండదు.

"ఈ ప్రాంగణమును పిండిపదార్థ రహిత ఆరోగ్య ప్రాంగణముగా తీర్చిదిద్దు మహాసంకల్పములో భాగముగా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, ప్రాంగణ పరిధిలో బియ్యము వండుట, వడ్డించుట, భుజించుట నిషేధించడమైనది. ఆమోదిత ప్రత్యామ్నాయములు క్యాంటీనులో లభించును."

ఆ కేంద్రం పుట్టి డెబ్బై ఏళ్లు దాటింది. డెల్టా రైతు ఏ రకం నాటాలో చెప్పడం దాని పని. చెప్పే ముందు ఆ రకాన్ని పండించి, మర పట్టించి, వండి, తిని చూడడం కూడా దాని పనే. ఈ రెండో సంగతి సర్క్యులర్ రాసినవారికి తట్టినట్టు లేదు.

రాసినవారు కొత్త డైరెక్టరు డాక్టర్ నళినీకాంత్. దసరా వెళ్లాక వచ్చి చార్జి తీసుకున్నాడు. అంతకు ముందు ఏడాది ఆయన అన్నం, చపాతీ, ఇడ్లీ మానేసి, వాటి స్థానంలో కాలీఫ్లవర్ తురుమూ బాదం పిండీ తిని పదకొండు కిలోలు తగ్గాడు. ఆ సంగతిలో అబద్ధం లేదు. పాత ఫొటోలో ఉన్న డైరెక్టరు ఇప్పటి డైరెక్టరుకు పెదనాన్నలా ఉండేవాడు. అయితే ఒక మనిషి బరువు తగ్గడం వాస్తవం; అందువల్ల నూటనలభై మంది సిబ్బంది అదే తినాలన్నది ఆ వాస్తవంలోంచి పుట్టే నిర్ణయం కాదు. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన తర్కం స్థానాన్ని డైరెక్టరుగారి ఉత్సాహం భర్తీ చేసింది. పై కార్యాలయం ఆ ఏడే ప్రకటించిన ఉత్తమ ఆరోగ్య ప్రాంగణ పురస్కారం ఆ ఉత్సాహానికి ఎరువు వేసింది.

జగన్నాథానికి ఆ తిండి పద్ధతి మీద కోపమేమీ లేదు. ఆయనకూ చక్కెర ఉంది. డాక్టరు చెప్పినట్టు పూటకొక కప్పు అన్నం, ఎక్కువ కూర తిని, సాయంత్రం కాలవగట్టున నడిచి, మూడు నెలలకొకసారి రక్తం చూపించుకుంటాడు. కొలత తెలిసిన మనిషి గనుక దేన్నీ పూజించడు, దేన్నీ తిట్టడు. ఆయన దిగులు వేరు.

ఆయన పదమూడేళ్లుగా పెంచుతూ వచ్చిన రకం పేరు ఎం.ఎల్. 417. అది నవంబరు తుపానుకు పడదు. పడినా, నాలుగు రోజులు నీళ్లలో నానినా, వెన్ను మీద గింజ మొలకెత్తదు. ఈ రెండో గుణం విలువ తెలియాలంటే కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుని, గింజగింజకూ తెల్లటి మొలక పొడుచుకు రావడం చూసి ఉండాలి. లంకపేట కౌలు రైతు గుబ్బల మంగాయమ్మ వరసగా మూడేళ్లు చూసింది. నాలుగో ఏడు ఆమె చేలో అరెకరం 417కు కేటాయించి ప్రయోగం చేశారు. తుపాను వెళ్లిన మర్నాడు ఆ ఆయకట్టు మొత్తంలో నిలబడి ఉన్నది ఆ అరెకరమే. ఒప్పందం ప్రకారం పండిన పంటంతా కేంద్రానికి తిరిగి వచ్చింది. విడుదల కాని రకం గింజ ఒక్కటి కూడా రైతు దగ్గర మిగలకూడదు. ఆమె చీరకొంగు దులిపి మరీ ఇచ్చింది. అప్పటినుంచి పదిహేను రోజులకొకసారి ఆటో ఎక్కి వచ్చి అడుగుతోంది.

"బాబుగారూ, ఇత్తనం ఈ ఏడన్నా ఇత్తారాండీ, లేపోతే నన్ను కూడా మీ పరీచ్చలో పెట్టేరా?"

మిగిలింది ఒకే పరీక్ష, వండి తినే పరీక్ష. కేంద్రంలోని వంట ప్రయోగశాలలో కొత్త రకాన్నీ, పోలిక కోసం రైతులందరూ పండించే పాత రకాన్నీ విడివిడిగా వండి, పన్నెండు మందికి పేర్లు చెప్పకుండా పెట్టి, మార్కులు వేయించాలి. ఆ ఫలితం జతచేస్తే రాజధానిలో రకాల విడుదల సంఘం ఆమోదిస్తుంది. సంఘం ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరిలో కూర్చుంటుంది. జగన్నాథం మార్చి ఆఖరుకు రిటైరవుతాడు. ఆయన వెళ్లాక 417 తరఫున అడిగే నాథుడుండడు. అలా అడిగేవాళ్లు లేని రకాలు గోదాములో సంచుల్లోనే ముసలివైపోవడం ఆయన ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎన్నోసార్లు చూశాడు.

కొన్నాళ్లకు సర్క్యులరు చల్లబడుతుందిలే అనుకున్నాడు. ప్రభుత్వ కాగితాలు సాధారణంగా చల్లబడతాయి. ఇది వేడెక్కింది.

క్యాంటీనులో పొద్దున బాదం పిండి ఇడ్లీ, ఇసబ్‌గోల్ దోసె. మధ్యాహ్నం కాలీఫ్లవర్ తురుముతో అన్నం, అదే తురుముతో పులిహోర, అదే తురుముతో దద్దోజనం. సాయంత్రం సోయాపిండి మైసూరు బజ్జీ. నిషేధం పదార్థానికే గాని పరిమాణానికి లేదు గనుక ఇడ్లీ ఆకలి తీర్చకపోతే నాలుగు తిన్నారు, నాలుగూ తీర్చకపోతే నెయ్యి పోసుకుని ఎనిమిది తిన్నారు. పరిపాలనాధికారి ఫణిభూషణం సంక్రాంతి రాకముందే నాలుగు కిలోలు పెరిగాడు. ఆరోగ్య ప్రాంగణంలో బరువు పెరగడం ఉద్యమస్ఫూర్తికి విరుద్ధం కాబట్టి డైరెక్టరు బరువు చూసే యంత్రాన్ని స్టోర్సుకు పంపించి, దాని స్థానంలో ఉత్సాహ సూచిక అనే ప్రత్యామ్నాయాన్ని ప్రవేశపెట్టాడు. ప్రతి ఉద్యోగీ సోమవారం ఉదయం తనకెంత ఉత్సాహంగా ఉందో పదికి ఎన్ని మార్కులో చెప్పాలి. ఆరు కంటే తక్కువ చెప్పినవారు ఎందుకు చెప్పారో వివరణ ఇవ్వాలి. రెండో వారానికి అందరూ పదికి పది చెప్పారు.

వంట చేసే వరాలమ్మ మాత్రం ఉత్సాహం సంగతి అడగవద్దంది. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పువ్వు తురమలేక వేళ్లరిగిపోతున్నాయనీ, ఇంత తురిమినా తిన్నవాళ్లు తిన్నట్టు లేచి గేటవతల భోజనం హోటలుకు పోతున్నారనీ జగన్నాథం దగ్గర వాపోయింది.

"ఈ పువ్వుని అన్నవని ఎలా అనమంటారండీ? ఆ నోరేం పాపం చేసింది?" అంది.

హోటలు సంగతి డైరెక్టరు చెవిన పడింది. మర్నాటినుంచి గేటు దగ్గర కాపలా మనిషికి అయోడిన్ సీసా ఒకటి ఇచ్చారు. పిండిపదార్థం మీద అయోడిన్ చుక్క పడితే నీలంగా మారుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు శాస్త్రీయం. శాస్త్రం అబద్ధమాడకపోవడమే ఇక్కడ చిక్కు తెచ్చింది. లోపలికి వచ్చే ప్రతి క్యారేజీలోనూ ఒక చుక్క వేయసాగారు. అన్నం నీలమైంది, అది అనుకున్నదే. బంగాళాదుంప వేపుడు నీలమైంది. సాంబారు నీలమైంది, అందులో వేసిన ఇంగువ పొడిలో పిండి కలుస్తుంది గనుక. ఒకనాడు సీసా చేజారి కాపలా మనిషి చొక్కా మీద పడితే గంజిపెట్టిన ఆ చొక్కా జేబునుంచి నడుందాకా నీలమైంది. అతణ్ణి పిండిపదార్థం కలిగి ఉన్న నేరానికి ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. పట్టుకునే అధికారి అతడొక్కడే.

దాంతో బట్టలకు గంజి నిషేధించారు. మూడోనాటికల్లా కేంద్రంలోని శాస్త్రవేత్తలందరూ వానలో తడిసిన జెండాల్లా కనిపించారు. ఆ తర్వాత ఎవరో గోడ మీది సర్క్యులర్లకే చుక్క వేసి చూశారు. మైదా జిగురుతో అంటించినవి కావడం వల్ల పిండిపదార్థాన్ని నిషేధించే ఉత్తర్వులన్నీ వరసగా నీలమయ్యాయి. వాటిని ఊడబెరికి మేకులతో కొట్టారు.

ఇంతకీ పొలంలో ఉన్న వరి సంగతేమిటని కొందరికి ధర్మసందేహం వచ్చింది. డైరెక్టరు ముగ్గురు సభ్యులతో సంఘం వేశాడు. సంఘం లోతుగా ఆలోచించి, వరి పొలంలో ఉన్నంతకాలం మొక్క అనీ, గోదాములో ఉన్నంతకాలం ఆస్తి అనీ, ఎసట్లో పడిన క్షణం నుంచి నేరమనీ తేల్చింది. వరి మొత్తానికి బతికిపోయింది. వండటమే మిగిలింది.

జనవరి మధ్యలో జగన్నాథం వండి తినే పరీక్షకు అనుమతి కోరుతూ డైరెక్టరు గదికి వెళ్లాడు. ఫణిభూషణం అక్కడే ఉన్నాడు. జగన్నాథం తన రకం సంగతి, సంఘం గడువు సంగతి, తన రిటైర్మెంటు సంగతి వివరించి, ఒక్క పూట రెండు గిన్నెల బియ్యం ఉడికించుకోనివ్వమని అడిగాడు. డైరెక్టరు శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడు కాడు. నమ్మినవాడు. అలాంటివాడితో వాదించడం ఇంకా కష్టం.

"జగన్నాథం గారూ, తనిఖీ బృందం ఏ క్షణాన వస్తుందో మనకు తెలియదు. వాళ్లు వచ్చేసరికి మన ప్రయోగశాలలోనే అన్నం ఉడుకుతుంటే ఈ ప్రాంగణం పరువేం కావాలి?"

"ఇది వరి పరిశోధనా కేంద్రమండి," అన్నాడు జగన్నాథం.

"అందువల్లే మన బాధ్యత ఎక్కువ. తాగనివాడు తాగకపోతే గొప్పేముంది? సారాకొట్టు ఓనరు మానేస్తే ఆ గౌరవం వేరు."

పోనీ తన ఇంట్లో వండిస్తానన్నాడు జగన్నాథం. ఆయన ఉండేది ఊళ్లో అద్దె ఇల్లు, నిషేధం పరిధిలో లేదు. ఇంటి వంటగది గుర్తింపు పొందిన ప్రయోగశాల కాదని ఫణిభూషణం గుర్తుచేశాడు. మరో కేంద్రానికి బియ్యం పంపుదామంటే, మామిడిలంకలో పుట్టిన రకానికి మామిడిలంకలోనే పరీక్ష జరగాలన్న నిబంధన ఒకటుంది. అన్ని దారులూ మూసుకున్నాక ఫణిభూషణం గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో పరిష్కారం దొరికిన పరిపాలనాధికారికి మాత్రమే వచ్చే వెలుగు వచ్చింది.

"రూలు పొజిషన్ ఏంటంటే సార్, మన సర్క్యులరు ఏడో పేరాలో ఉంది. ఎక్కడెక్కడ బియ్యము అవసరమగునో అక్కడక్కడ ఆమోదిత ప్రత్యామ్నాయముతో ఆ అవసరము తీరినట్లు భావించవలెను. పరీక్షకి బియ్యం అవసరం. కాబట్టి కాలీఫ్లవర్‌తో తీరినట్టు భావించొచ్చు సార్."

జగన్నాథం నెమ్మదిగా, తాము పరీక్షించేది పన్నెండు మంది ఆకలి తీరిందా లేదా అని కాదనీ, ఒక ఫలానా బియ్యం ఉడికితే ఎలా ఉంటుందన్నదేననీ, ఆ సంగతి ఆ బియ్యం తప్ప లోకంలో మరే పదార్థమూ చెప్పలేదనీ అన్నాడు. అల్లుడి చూపు పరీక్షించాలంటే బావమరిదిని అక్షరాలు చదవమనలేము కదా అన్నాడు.

"మీకు బియ్యం మీద మమకారం ఎక్కువైందండి," అన్నాడు డైరెక్టరు జాలిగా. "అలవాటు అలాంటిది. నేనూ మొదట్లో కలలో పెరుగన్నం చూసేవాణ్ణి."

ఒకే కాలీఫ్లవర్ రెండు రకాలకూ వాడితే తేడా ఎక్కడినుంచి వస్తుందని జగన్నాథం చివరిగా అడిగాడు. అడిగి ఉండకూడదు. అభ్యంతరం శాస్త్రీయంగా ఉందని డైరెక్టరు మెచ్చుకుని, 417కు బదులు కాలీఫ్లవర్, పాత రకానికి బదులు క్యాబేజీ అని నిర్ణయించాడు. రెండూ ఆమోదిత ప్రత్యామ్నాయాలే.

పరీక్ష నిబంధనల ప్రకారమే జరిగింది. అక్కడ ఏ లోపమూ పట్టడానికి వీల్లేదు. గోదాము నుంచి 417 బస్తా ఒకటి తెప్పించి బల్ల పక్కన నిలబెట్టారు, ఎవరి తరఫున వండుతున్నారో తెలియడానికి. కాలీఫ్లవర్ కాడకు ఎం.ఎల్. 417 అన్న చీటీ కట్టారు. తురిమిన ముక్కల పొడవు వండకముందు కొలిచారు, వండాక కొలిచారు. మంచి బియ్యం ఉడికితే గింజ సాగుతుంది. ఈ గింజ కుంచించుకుపోయింది. వరి పరిశోధన చరిత్రలో ఉడికితే కురచైన మొదటి బియ్యంగా 417 నమోదైంది. గంజి వార్చబోతే పచ్చటి నీళ్లు వచ్చాయి. వాసన అన్న గడి దగ్గర సహాయకురాలు ఆగి, ఏం రాయమంటారని కళ్లతోనే అడిగింది. ఉన్నది రాయమన్నాడు జగన్నాథం. "కాలీఫ్లవర్ వాసన" అని రాసింది.

పన్నెండు మంది రుచి చూశారు. నెలన్నరగా ప్రాంగణంలో అన్నం మొహం చూడనివాళ్లు. క్యాబేజీ కంటే కాలీఫ్లవర్‌కే ఎక్కువ మార్కులు వేశారు. అభిప్రాయం రాయమన్న చోట ఒక పెద్దాయన, "రెండూ బాగున్నవి. వీటిలోకి కాస్త అన్నం ఉంటే ఇంకా బాగుండును" అని రాశాడు.

చివరిగా నమూనాను రసాయన విభాగానికి పంపారు. అక్కడివాళ్లు తమ దగ్గరకు వచ్చిన గిన్నె మీద ఏ పేరుందో ఆ పేరు మీదే ఫలితమిస్తారు. ఎం.ఎల్. 417లో పిండిపదార్థం నామమాత్రమని వచ్చింది.

ఆ కాగితం చూసి డైరెక్టరు లేచి నిలబడ్డాడట. మర్నాటికల్లా కేంద్రంలో అందరికీ తెలిసిపోయింది. లోకంలో మొట్టమొదటి పిండిలేని వరి మామిడిలంకలో పుట్టింది. రాజధానికి వెళ్లే నివేదిక ముందుమాటలో డైరెక్టరు, "చక్కెర వ్యాధిగ్రస్తులు కడుపారా భుజింపదగిన అన్నము" అని స్వయంగా రాశాడు. ఆయన అబద్ధం రాయలేదు. తన కేంద్రం ఇచ్చిన ఫలితాన్ని నమ్మాడు, అంతే. ఇక రకాన్ని పెంచినవాడిగా జగన్నాథం సంతకం ఒక్కటే కావాలి.

మంగాయమ్మ ఆ రోజే వచ్చింది. వరండా మెట్ల మీద కూర్చుని, జరిగిన కథ ఆయన చెప్పగా మొత్తం వింది.

"సంతకం పెట్టేత్తే ఇత్తనం వచ్చేత్తాదాండీ?"

"వచ్చేస్తుంది."

"మరి పెట్టేయండి బాబూ. పువ్వనుకుని ఇత్తే మాకేటి, పండనుకుని ఇత్తే మాకేటి. మొలిసేది వరే గదండీ."

ఆమె మాటలో తప్పు లేదు. సంతకం పెడితే వానాకాలం సార్వాకల్లా విత్తనం ఆమె చేతిలో ఉంటుంది. పెట్టకపోతే వచ్చే తుపానుకూ ఆమె చేను పడుకుంటుంది. జగన్నాథం కలం తీశాడు. కానీ ముందుమాటలోని ఆ ఒక్క వాక్యం మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తనలాగే చక్కెర ఉన్నవాడెవడో రేపు ఈ బియ్యం కొంటాడు. కప్పు కొలత పక్కన పడేసి, పిండిలేని అన్నం కదా అని పళ్లెం నిండా పెట్టుకుంటాడు. 417 మంచి బియ్యం. అంచేత పిండి దండిగా ఉన్న బియ్యం.

"ఇది తిని ఎవరికైనా ప్రాణమ్మీదికొస్తే ఆ పాపం ఎవరిదమ్మా?" అన్నాడు.

మంగాయమ్మ ఆయన చేతిలోని కలం వైపు చూసింది. "మా ఆయనకీ సుగరేనండి," అని లేచి, చీర దులుపుకుని, ఆటో కోసం గేటు వైపు నడిచింది.

జగన్నాథం నివేదిక అడుగున "పై ఫలితములన్నియు కాలీఫ్లవర్‌వి, ఎం.ఎల్. 417వి కావు" అని రాసి, దాని కింద సంతకం పెట్టాడు. భిన్నాభిప్రాయాలు అనుబంధంలో ఉండవలెననీ, అనుబంధములు ఆఫీసు కాపీకే జతపరచవలెననీ ఉన్న నిబంధన ప్రకారం ఫణిభూషణం ఆ వాక్యాన్ని అనుబంధంలోకి మార్చాడు. సంతకం మాత్రం నివేదికతోపాటు రాజధానికి వెళ్లింది.

విడుదల సంఘంలో తొమ్మండుగురు సభ్యులు. 417 వంతు వచ్చేసరికే హాల్లో పండగ వాతావరణం ఉంది. అధ్యక్షుడు ఈ రకం దేశానికే గర్వకారణమన్నాడు. చక్కెర ఉన్న తమ బావగారు ఏడాదిగా అన్నం ముట్టలేదనీ, ఈ వార్త విని కంటతడి పెట్టారనీ చెప్పాడు. రెండు మాటలు చెప్పమని జగన్నాథాన్ని పిలిచారు.

జగన్నాథం రెండు మాటలే చెప్పాడు. ఆ ఫలితాలు కాలీఫ్లవర్‌వి. బియ్యంలో మామూలు బియ్యానికి ఉన్నంత పిండి ఉంది.

అధ్యక్షుడు నివేదికను ముందుకూ వెనక్కూ తిప్పి, కాలీఫ్లవర్‌ను నిర్ణీత పద్ధతిలోనే వండారా అని అడిగాడు. వండారన్నాడు జగన్నాథం. పన్నెండు మంది చేతే రుచి చూపించారా? చూపించారు. కొలతలు సరిగానే తీశారా? తీశారు.

"అయితే పరీక్షలో లోపమేముందండి?"

"పరీక్షలో లోపం లేదండి. పరీక్షించినది బియ్యం కాదు."

ఈ సంగతి ఆలోచించవలసి ఉన్నందున భోజన విరామం ప్రకటించారు.

మామిడిలంక సర్క్యులరు రాజధానిలో చెల్లదు. జగన్నాథం వచ్చేటప్పుడు 417 బియ్యం పది కిలోలు సంచిలో వేసుకుని, ముందురోజు సాయంత్రమే సంఘం వంటమనిషిని బతిమాలి అప్పగించాడు. ఆ మధ్యాహ్నం వడ్డించినది ఆ అన్నమే. సంగతి అధ్యక్షుడికి చెప్పే వడ్డింపించాడు. మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉంది. గోంగూర పచ్చడి కలిపితే పట్టుకుంది, పప్పుచారు పోస్తే తాగింది, పెరుగు కలిపితే మెత్తబడింది. తొమ్మండుగురూ రెండోసారి అడిగి వేయించుకున్నారు. కొందరు మూడోసారి అడగకుండానే పళ్లెం ముందుకు జరిపారు. ధాన్యాల మీద పెద్ద పుస్తకం రాసిన ఒక సభ్యుడు చెయ్యి కడుక్కోకుండా, ఆరిన వేళ్లతోనే కూర్చుని, చిన్నప్పుడు మేనత్త ఇంట తిన్న అన్నం ఇలాగే ఉండేదన్నాడు. జగన్నాథం తన కప్పు అన్నం తాను తిన్నాడు. పదమూడేళ్లలో ఆ రకాన్ని కడుపునిండా తినే మనుషుల మధ్య కూర్చోవడం ఆయనకు అదే మొదలు.

విరామం తర్వాత సంఘం మళ్లీ కూర్చుంది. అధ్యక్షుడు తీర్పు చదివాడు. సమర్పించిన నివేదికను రకాన్ని పెంచిన శాస్త్రవేత్తే కాదన్నందున అది పరిగణనలోకి రాదు. వేరే నివేదిక లేదు. "కనుక ఎం.ఎల్. 417ను ఎవరైనను వండి భుజించినట్లు ఆధారము లేనందున, ఈ రకమును తిరస్కరించడమైనది." ఆధారము అన్న మాట దగ్గర ఆయనకు త్రేన్పు వచ్చింది. రుమాలు అడ్డుపెట్టుకున్నాడు.

"ఇప్పుడే తమరందరూ తిన్నారు కదండీ," అన్నాడు జగన్నాథం.

"అది భోజన విరామంలో, డాక్టరుగారూ. విరామంలో జరిగింది మినిట్స్‌లోకి రాదు." అధ్యక్షుడి గొంతులో నిజమైన విచారం ఉంది.

మెట్ల దగ్గర ఆయనే వెనకనుంచి వచ్చి, జగన్నాథం భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. ఆ బియ్యం పాతిక కిలోలు తమ ఇంటికి పంపే వీలుంటుందా అని.

"తిరస్కరించిన రకం గింజ సంఘ సభ్యులకు ఇవ్వకూడదండి. తమరు పెట్టిన రూలే," అన్నాడు జగన్నాథం.

తిరిగి వచ్చాక నాలుగు రోజులు ఆయన పొలంలోకి వెళ్లలేదు. ఆ తర్వాత గోదాము ముందు ఒక నోటీసు మేకుకు వేలాడుతూ కనిపించింది. తిరస్కరించిన రకం ఇక విత్తనం కాదు, మామూలు ధాన్యం. విత్తనమైతే ఆస్తి, ధాన్యమైతే పిండిపదార్థం. తనిఖీ బృందం సోమవారం వస్తుందని కబురందింది. గోదాములో నలభై బస్తాల పిండిపదార్థం పెట్టుకుని పురస్కారం అడగడానికి డైరెక్టరుకు మొహం చెల్లలేదు. శనివారమే బహిరంగ వేలం, ఎవరైనా పాడుకోవచ్చు, సరుకు సాయంత్రంలోగా ప్రాంగణం దాటాలి. మామూలుగా అలాంటి వేలానికి ఆరు నెలలు కాగితాలు తిరుగుతాయి. ఉద్యమస్ఫూర్తి వల్ల ఆ పని నలభై గంటల్లో అయిపోయింది.

నోటీసు బహిరంగమైనదే గనుక దాన్ని ఒక మనిషికి చదివి వినిపించడంలో నియమభంగం లేదని జగన్నాథం నిర్ధారించుకున్నాడు. శనివారం ఉదయం మంగాయమ్మ లంకపేట రైతులు పాతికమందితో రెండు ట్రాక్టర్ల మీద వచ్చింది. అందరూ ముందే చందా వేసుకుని ఒకే పాట పాడారు. రాజధాని నుంచి కారేసుకుని వచ్చిన ఒక డ్రైవరు ఒకే ఒక్క బస్తా కావాలన్నాడు. విడిగా అమ్మేది లేదన్నారు. ఎవరి డ్రైవరో జగన్నాథం అడగలేదు.

ఫణిభూషణం కుర్చీలో కూర్చుని, రసీదు మీద పూరించవలసిన గడులు ఒక్కొక్కటే అడిగాడు. గెజిటెడ్ అధికారి హోదాలో సాక్షి సంతకం పెట్టడానికి జగన్నాథం పక్కన నిలబడ్డాడు. పేరు, ఊరు అయ్యాయి.

"ఈ ధాన్యం దేనికోసం?"

"తినడానికేనండి."

"ఇన్ని బస్తాలా? ఎన్నాళ్లు తింటారమ్మా ఇది?"

మంగాయమ్మ ట్రాక్టరెక్కుతున్న బస్తాల వైపు చూసింది.

"తుపానుల్లో పడిపోకుండా ఉంటే, మా మనవల మనవలు కూడా తింటారండి."

ఫణిభూషణం తలెత్తకుండా "ఉపయోగము: ఆహారము" అని రాసి, కాగితం జగన్నాథం ముందుకు జరిపాడు. జగన్నాథం అలవాటు ప్రకారం ప్రతి అక్షరమూ సరిచూశాడు. పదార్థం పేరు వరి అని ఉంది, అది వరే. కొన్నది తినడానికని ఉంది, తింటారు. ఆ ఏడాది ఆ కేంద్రం నుంచి బయటికి వెళ్లిన కాగితాల్లో ప్రతి మాటా నిజమైనది అదొక్కటే కనిపించింది ఆయనకు. అడుగున ఏ వాక్యమూ చేర్చకుండా సంతకం పెట్టాడు.